రెండు ఎర్రచుక్కలు

తాండూరులో బండల మందం చూడటం రుక్కమ్మ పని. ఒకే ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా ఉంది. మొదటి మూడేళ్లు రాతిపొడిని తట్టలతో ఎత్తిపోసింది. తర్వాత రెండేళ్లు బండలు మోసింది. ఒకరోజు మందం చూసే ముసలాయన జ్వరమొచ్చి రాకపోతే, ఈ పూటకు నువ్వు నిలబడు అన్నారు. ఆ పూట పదకొండేళ్లయినా ముగియలేదు.

ఆమెది ధారూర్ దగ్గరి పల్లె. పుట్టిల్లు కోట్‌పల్లి ప్రాజెక్టు పక్కన. అటూ ఇటూ గొర్రెల కాపర్లే. భర్త ఎంకయ్య ఇప్పటికీ నలభై గొర్రెలను తోలుకుని తెల్లవారగానే గుట్టమీదికి పోతాడు. రుక్కమ్మ అన్నం డబ్బా సంచిలో వేసుకుని ధారూర్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కుతుంది. సీటు దొరికితే కూర్చుంటుంది, లేకపోతే తలుపు దగ్గర నిలబడుతుంది. తాండూరులో దిగి ఫ్యాక్టరీ దాకా నడిచేసరికి కాళ్లకు తెల్లటి దుమ్ము పడుతుంది. ఆ ఊళ్లో ఆ దుమ్ము పడని కాలు లేదు.

ఎదురుచెప్పడం తన పెండ్లానికి పుట్టుకతోనే వచ్చిందని ఎంకయ్య అంటుంటాడు. పనిలో చేరిన కొత్తలో హాజరు పుస్తకంలో ఆడవాళ్లెవరికీ పేర్లుండేవి కావు. మల్లయ్య భార్య, నర్సింలు తల్లి, ఎంకయ్య భార్య అని రాసేవారు. సంతకం పెట్టమంటే రుక్కమ్మ కలం తీసుకోలేదు. "ఎంకయ్య భార్య ఇంటికాడ ఉన్నది. పనికొచ్చింది రుక్కమ్మ" అంది. గుమాస్తా నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, మూడోరోజు పేరు రాశాడు. ఆ నెలాఖరుకు అందరి పేర్లూ రాయక తప్పింది కాదు.

మందం చూడటానికి ఆమె దగ్గర ఒక ఇనుప రేకు ఉండేది. దానికి రెండు గాళ్లు. బండ అంచు పెద్ద గాడిలో దూరి, చిన్న గాడిలో దూరకపోతే మంచిది. రెండింట్లోనూ దూరితే పలచన, దేంట్లోనూ దూరకపోతే లావు. కొన్నాళ్లకు రేకుతో పెద్దగా అవసరం లేకుండా పోయింది. బొటనవేలు పైన, నాలుగు వేళ్లు కింద పెట్టి అంచు పట్టుకోగానే చేతికే తెలిసిపోయేది. కానీ చేయి ఒప్పుకున్న తర్వాత కూడా రేకు పెట్టి చూసేది. చేయి మనదే కాబట్టి దాన్ని ఊరికే నమ్మకూడదనేది.

ఫ్యాక్టరీ యజమాని జనార్దన్ రెడ్డి. తాతల నాటి భూములు ఉండగానే బండల వ్యాపారంలోకి దిగాడు. కోపిష్టే కానీ దుర్మార్గుడు కాదు. ఆయన మేనల్లుడు కార్తీక్ హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి వచ్చి మామకు కుడిచెయ్యి అయ్యాడు. ఆ కుర్రాడు వచ్చిన ఏడాదికి ఫ్యాక్టరీకి లేజర్ మిషన్ వచ్చింది.

విదేశాలకు పోయే బండల కోసం తెప్పించారు దాన్ని. అక్కడి వాళ్లు తోటల్లో, దారుల్లో పరుచుకోవడానికి పాలిష్ లేని బండలడిగారు. గనిలో పొర ఎలా విడివడిందో ఆ ముఖం అలాగే ఉండాలి, మందం మాత్రం ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి. పంతొమ్మిదికి తగ్గకూడదు, ఇరవై రెండు దాటకూడదు. రుక్కమ్మ రేకు గాళ్లు కూడా ఆ కొలతలకే ఉన్నాయి.

మిషన్ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. బండలు వచ్చే బెల్టుకూ, పోయే బెల్టుకూ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీకి పైన ఇనుప చేతికి ఒక చిన్న డబ్బా, కింద ఇంకో డబ్బా. రెండింట్లోంచీ ఎర్రటి చుక్కలు పడతాయి. పక్కన అంకెలు చూపే తెర, ఆకుపచ్చ దీపం, ఎర్ర దీపం.

"ఇది రాయిని ముట్టుకోదు రుక్కమ్మా" అని కార్తీక్ ఉత్సాహంగా చెప్పాడు. "పైనున్నది రాయి పైముఖం ఎంత దూరంల ఉన్నదో చూస్తది. కిందున్నది కింది ముఖం దూరం చూస్తది. రెండు డబ్బాల నడుమ దూరం మనకు తెలుసు. అండ్లకెంచి గీ రెండు దూరాలు తీసేస్తే మిగిలింది రాయి."

రుక్కమ్మకు ఆ లెక్క ఒక్కసారికే ఎక్కింది. పైకప్పుకూ నేలకూ మధ్య పెట్టె పెట్టి, పైన ఎంత ఖాళీ, కింద ఎంత ఖాళీ అని చూసుకున్నట్టే కదా అనుకుంది.

"నీ రేకు అంచులే చూస్తది. ఇది బండ పొడుగంతా, నడుమ గూడ చూసుకుంట పోతది" అన్నాడతను.

ఆ మాట నిజమని ఆమెకూ తోచింది. ఇన్నేళ్లూ బండ నడుమ ఏముందో అంచులు చెప్పిందే నమ్మాల్సి వచ్చింది. అందుకే ఆ మిషన్ మీద ఆమెకు మొదట్లో కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది. పొద్దున్నే వచ్చి డబ్బాల అద్దాల మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచేది. కార్తీక్ ఇచ్చిన నున్నటి ఇనుప దిమ్మను ఖాళీలో పెట్టి తెర మీద ఇరవై వచ్చిందా లేదా చూసేది. తర్వాత బెల్టు తిప్పేది. ఎర్ర దీపం వెలిగిన బండ మీద ఎర్ర చాక్‌తో ఇంటు గుర్తు గీసి పక్కన పెట్టించేది. అదీ పని. రెండు నెలలు దాని మాటా ఆమె చేతి మాటా ఒకటిగానే నడిచాయి.

దసరా దాటిన వారం నుంచి ఎర్ర దీపాలు పెరిగాయి. అవి పెరిగింది కూడా ఒక్క జంగప్ప రాళ్లకే.

జంగప్పది కర్ణాటక సరిహద్దు అవతలి ఊరు. అతనూ, ఆరుగురు మనుషులూ గనిలో ఉలీ సుత్తీ పట్టుకుని పొరలు విడదీస్తారు. అరవై దాటిన మనిషి. రాయి మీద వేలితో కొట్టి, చప్పుడు విని, పొర ఎక్కడుందో చెప్తాడు. కొత్తగా ఇంకొకరు రంపం మిషన్‌తో కోసిన బండలు పంపడం మొదలుపెట్టారు. అవి అద్దంలా సాపుగా ఉంటాయి. వాటికి ఒక్క ఎర్ర దీపమూ వెలగడం లేదు. జంగప్ప ట్రాక్టరు వచ్చిందంటే ఇరవైకి తొమ్మిది, పది ఇంటులు పడుతున్నాయి.

మొదటిరోజు రుక్కమ్మ గీసింది. రెండోరోజూ గీసింది. చేయి మాత్రం ఒప్పుకోలేదు. పక్కన పెట్టిన బండల అంచులన్నిటికీ రేకు పెట్టి చూసింది. అన్నీ పెద్ద గాడిలో దూరాయి, చిన్న గాట్లో దూరలేదు. నడుమ తేడా ఉందేమో అనుకుని ఊరుకుంది.

మూడోరోజు జంగప్ప స్వయంగా వచ్చాడు. పేర్చిన తన బండల మీది ఎర్ర ఇంటులను ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు.

"ఏను తంగీ" అన్నాడు, ఏం చెల్లీ అని తన కన్నడంలో. "నా రాయికి ఏమాయె?"

"నాకు తెల్వదన్నా. మిషన్ వద్దంటున్నది."

"మిషన్ సంగతి బిడు, ఇడిసిపెట్టు. నువ్వు ఏమంటవ్?"

రుక్కమ్మ చేతిలోని రేకు వైపు చూసింది. పదకొండేళ్లలో ఆ ప్రశ్నకు ఆమె తడుముకోవడం అదే మొదటిసారి. జంగప్ప ఇంకేమీ అనకుండా పోయాడు. అతను నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఎవరు ఏమన్నా తిరిగి ఒక మాట అప్పజెప్పడం ఆమెకు తెలుసు. మౌనానికి ఏమప్పజెప్పాలో తెలియదు.

ఆ సాయంత్రం రైల్లో నిలబడి ఆలోచించింది. తనకు తెలియని దానికి తన చేత్తో ఇంటు గీయడమేమిటి? దీపం వెలిగించేది మిషనే. గీసేది మాత్రం తను. చూసిన వాళ్లెవరైనా రుక్కమ్మ వద్దందనే అనుకుంటారు.

మర్నాడు జంగప్ప రాళ్లు బెల్టెక్కాయి. మూడో బండకు ఎర్ర దీపం వెలిగింది. రుక్కమ్మ చాక్ పక్కన పెట్టి, బెల్టు ఆపేసింది.

కార్తీక్ ఆఫీసులోంచి వచ్చాడు. "ఏమైంది? ఎందుకు ఆపినవ్?"

"గీ బండ మంచిగనే ఉన్నది సార్. నేను ఇంటు గీయ."

"రీడింగు చూస్తలేవా? పద్దెనిమిది పాయింట్ రెండు."

"చూస్తున్న. గా అంకె మీద నాకు నమ్మకం లేదు."

కార్తీక్ ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత చిరాకు కనిపించాయి. ఇనుప దిమ్మ తెచ్చి ఖాళీలో పెట్టాడు. తెర మీద ఇరవై పడింది. అటు జరిపాడు, ఇటు జరిపాడు, ఇరవయ్యే.

"చూసినవా? మిషన్‌కు ఏం కాలె. రాయిలనే తేడా ఉన్నది. చేతితోటి కొట్టిన రాయి గట్లనే ఉంటది. ఇగ గా కాలం పోయింది."

"నిన్నమొన్నటి దాంక లేని తేడా గిప్పుడెట్ల వచ్చింది సార్? జంగప్పన్న చెయ్యి మారలె, గని మారలె."

మాట జనార్దన్ దాకా పోయింది. ఆయన వచ్చి అందరి ముందూ అడిగాడు. "గీస్తవా, గీయవా?"

"మందం తప్పని తెలిస్తే గీస్త. తెల్వకుంట గీయ."

"నీకు తెలిసేదేంది? మిషన్ పెట్టిందే నీకు తెల్వక."

"గట్లయితే మిషన్‌నే గీయమనుండ్రి సార్."

ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. జనార్దన్ మొహం ఎర్రబడింది. రుక్కమ్మను రాతిపొడి ఎత్తే పనికి పొమ్మన్నాడు. పదహారేళ్ల కిందట ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికి. మిషన్ దగ్గర ఆమె తోటి కూలి హన్మమ్మను నిలబెట్టాడు.

ఆయన మాట పూర్తి కాకముందే రుక్కమ్మ తట్ట అందుకుంది. "దుమ్మెత్తితే నాకేం తక్కువ గాదు. అబద్ధం గీసే కన్నా గిదే నయం" అని పైకే అంది.

ఇంట్లో కూతురు స్నేహలత ఈ సంగతి విని తలపట్టుకుంది. వికారాబాదులో డిప్లొమా చదువుతోంది ఆ పిల్ల.

"అమ్మా, మనుషులతోని అయిపోయిందా? ఇప్పుడు మిషన్ తోటి కొట్లాడుతున్నవా?"

"మిషన్ తోటి నాకేం కొట్లాట బిడ్డా. దాని పేరు చెప్పి నా నోరు మూపిస్తుండ్రు, గదీ కొట్లాట."

"అది అబద్ధమాడదే. దానికి ఏది కనవడితే అదే చెప్తది."

కూతురు తనను ఆపడానికి అన్న మాటే అయినా రుక్కమ్మ మనసులో అది ఇంకోలా నాటుకుంది. కనబడిందే చెప్తుంది. అయితే దానికి కనబడుతున్నదేమిటి? ఎర్రచుక్క రాయి మీద ఎక్కడ పడుతోంది? పైచుక్కను రోజూ చూస్తూనే ఉంది. కింది చుక్క రాయి చాటున పడుతుంది. దాన్ని తను ఒక్కనాడూ చూడలేదు.

రెండురోజులు దుమ్మెత్తుతూనే మిషన్‌ను కనిపెట్టి చూసింది. మూడోరోజు మధ్యాహ్నం భోజనానికి బెల్టు ఆపారు. కార్తీక్ ఆఫీసులో ఉన్నాడు. రుక్కమ్మ హన్మమ్మ దగ్గరికి వచ్చింది.

"మిషన్ బంద్ చెయ్యకు. ఒక బండ ఎత్తనీకి చెయ్యి సాయం పట్టు."

"నన్ను గూడ దుమ్ముకు పంపుతరే రుక్కవ్వా" అంది హన్మమ్మ. అంటూనే రెండో కొస పట్టుకుంది.

ఇంటు పడిన బండనొకదాన్ని ఖాళీ మీద పెట్టారు. పైచుక్క పడిన చోట రుక్కమ్మ తెల్ల చాక్‌తో చిన్న గుర్తు పెట్టింది. తెర మీద పద్దెనిమిది పాయింట్ నాలుగు. తర్వాత బండను ఎత్తి, ముందుకొస వెనక్కు వచ్చేలా తిప్పి, మళ్లీ అదే గుర్తు మీద పైచుక్క పడేలా జరిపారు.

తెర మీద ఇరవై ఒకటి పాయింట్ ఏడు.

హన్మమ్మ నోరు తెరిచింది. "ఒక్క రాయే గదనే. ఒక్క జాగనే గద."

ఇంకో బండ పెట్టి చూశారు. అదీ అంతే. తిప్పితే ఒక లెక్క, తిప్పకపోతే ఒక లెక్క. రంపంతో కోసిన సాపు బండ పెట్టి తిప్పి చూశారు. రెండుసార్లూ ఇరవయ్యే.

రుక్కమ్మకు సగం అర్థమైంది. మిగతా సగం కంటితో చూడాలి. హన్మమ్మ అన్నంలోకని తెచ్చుకున్న మిరపకాయ బజ్జీల పొట్లం పక్కనే ఉంది. బజ్జీలు డబ్బా మూతలో పోసి, నూనె పీల్చి వెలుతురు దాటనిస్తున్న ఆ కాగితాన్ని ఖాళీలో బల్లపరుపుగా పట్టింది. పైచుక్క కాగితం మీద పడింది. కిందినుంచి వచ్చే చుక్క కాగితంలోంచి పైకి కనబడింది. ఒకదాని మీద ఒకటి ఉండాల్సినవి. వాటి మధ్య వేలి వెడల్పు ఎడం ఉంది.

వంగి ఇనుప చేయి ఉన్న స్టాండు చూసింది. దాని కాలికి సొట్ట. సొట్టలో బండలు మోసే ట్రాలీ పసుపు రంగు అంటుకుని ఉంది. ఎవరో ఎప్పుడో గుద్దారు. స్టాండు కాస్త తిరిగింది. చెప్తే తిడతారని ఎవరూ చెప్పలేదు.

ఇంకేముంది, అంతా తేటతెల్లమైంది. సాపు బండకు పైచుక్క ఇక్కడ పడి కింది చుక్క వేలెడు పక్కన పడినా తేడా రాదు. ఎక్కడ చూసినా అదే ముఖం. చేత్తో విడదీసిన రాయికి ముఖం మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి, దున్నిన చేనులా. పైచుక్క ఒక చోట చూసి, కింది చుక్క ఇంకో చోట చూస్తే, ఆ రెండూ కలిపి చెప్పేది ఏ రాయి మందమూ కాదు. ఇనుప దిమ్మ కూడా సాపుదే. అందుకే రోజూ పొద్దున్న అది ఇరవై చెప్తూనే ఉంది.

"ఎవరు ముట్టుకొమ్మన్నరు?"

వెనకనుంచి కార్తీక్ గొంతు. రుక్కమ్మ కాగితం తీయలేదు.

"ముట్టుకోలేదు సార్. చూస్తున్న. మీరు గూడ జర వచ్చి చూడుండ్రి."

అతను కోపంగానే వచ్చి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. వేలితో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు కొలిచాడు. తర్వాత స్టాండు కాలు చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో జనార్దన్ కూడా వచ్చాడు. హన్మమ్మ కొంగు సవరించుకుంటూ పక్కకు జరిగింది. ఏం జరుగుతోందని ఆయన అడిగితే కార్తీక్ చుక్కల సంగతి ఎత్తలేదు. "ఒకసారి చెక్ చెయ్యాలె మామా" అని మాత్రం అన్నాడు.

"దిమ్మ పెట్టినవ్ గద, ఇరవై వచ్చింది గద. ఇంకేం చెక్?"

మేనల్లుడు తల తిప్పి తెర వైపు చూశాడు. రుక్కమ్మ అతని వంక ఒకసారి చూసింది. ఇతను చెప్పడని ఆమెకు అర్థమైంది. పక్కనున్న ఇనుప కడ్డీని నేలమీద పెట్టి, ఇంటు పడిన బండను చుక్క పడిన గుర్తు దాని మీదికి వచ్చేలా ఆనించింది. గుర్తు వెంబడి ఉలితో గీత పెట్టింది. సుత్తి ఎత్తింది.

"ఏం చేస్తున్నవ్" అన్నాడు జనార్దన్.

సుత్తి పడింది. బండ గీత వెంబడి రొట్టె విరిచినట్టు రెండయింది. రుక్కమ్మ కొంగుముడిలోంచి పాత రేకు తీసి, విరిగిన అంచు పొడుగునా ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిపింది. పెద్ద గాడి ప్రతిచోటా దూరింది. చిన్న గాడి ఎక్కడా దూరలేదు.

"మిషన్ గిక్కడ పద్దెనిమిది అన్నది. ఇగో, బండ నడుమ ఎంతున్నదో మీరే రేకు పెట్టి చూడుండ్రి సార్."

జనార్దన్ రేకు తీసుకోలేదు. పగిలిన బండ వంక చూశాడు. చుట్టూ మూగిన పదిపదిహేను మంది వంక చూశాడు. ఆయనకు మందం లెక్క అర్థమైందో లేదో కానీ, తన సొత్తును ఒక కూలిమనిషి తన కళ్ల ముందే పగలగొట్టడం మాత్రం బాగా అర్థమైంది.

"తప్పయిందని కాయితం రాసిచ్చి పనిల అడుగుపెట్టు. అప్పటిదాంక గేటు లోపలికి రావద్దు."

"మిషన్ తప్పు చెప్తే నేను తప్పు రాసియ్యాల్నా?"

"బండ పగలగొట్టినందుకు రాసియ్యాలె."

"అది మీరే వద్దన్న బండ సార్. ఇంటు మీ మిషనే పెట్టించింది. మంచిదని ఒప్పుకుంటే పగలగొట్టినందుకు రాసిస్త. పనికిరాదంటే, పనికిరాని రాయి పగిలితే మీకేం పోయింది?"

ఆయన గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. సంచి తీసుకుని బయటికి నడిచింది.

ఎంకయ్య తప్పుపట్టలేదు. "పోనీ, గొర్లకాడికి రా. చేతులకు పనే గద కావల్సింది" అన్నాడు. కానీ రుక్కమ్మ మర్నాడు ఎప్పటిలాగే అన్నం డబ్బా కట్టుకుని రైలెక్కింది. గేటు ఎదురుగా చాయ్ బండి పక్కన రాతి బల్ల ఉంది. దాని మీద కూర్చుంది. లోపలికి పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ చూశారు. జనార్దన్ కారు కూడా ఆమె ముందునుంచే లోపలికి పోయింది. మధ్యాహ్నం అక్కడే డబ్బా విప్పుకుని తింది. సాయంత్రం రైలుకు ఇంటికి పోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఎందుకు కూర్చుంటున్నావని చాయ్ పోసేవాడు అడిగితే, "డ్యూటీ" అంది.

లోపలి సంగతులు హన్మమ్మ వచ్చి చెప్పేది. కార్తీక్ ఎవరితో మాట్లాడకుండా ఒక రోజంతా స్టాండు దగ్గరే ఉన్నాడట. సాయంత్రానికి రెండు చుక్కలూ ఒకటయ్యేలా బిగించి, ఇంటులు పడి మూలన పెట్టిన జంగప్ప బండలన్నిటినీ మళ్లీ బెల్టెక్కించాడట. మూడొందల పైచిలుకులో ఒక ముప్పై తప్ప అన్నీ ఆకుపచ్చే. అయినా మామ ముందు నోరు విప్పలేదట.

నాలుగోరోజు కార్తీక్ చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మామ ఒక్క లైను రాసిమ్మంటున్నడు రుక్కమ్మా. సారీ అని గూడ వద్దు. ఇంకోసారి చెయ్యను అని చాలు."

"ఇంకోసారి చుక్కలు తప్పితే ఇంకోసారి చేస్త. మల్ల అది ఉత్త మాటైతది గద సార్."

"నువ్వు మస్తు మొండిదానివి."

"నేను మొండిదాన్నే. ఆనాడు మీరు చుక్కలు చూసిన్రు. నా కన్నా మంచిగ మీకు సమజైంది. మామ అడిగితే నోరెందుకు మూసుకున్నరు?"

కార్తీక్ రోడ్డు వైపు చూశాడు. వాళ్ల ముందునుంచి బండల లారీ ఒకటి పోయి దుమ్ము లేపింది. అతను ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"మిషన్ తెప్పిద్దమన్నది నేను. నా మాట నమ్మి మామ తెప్పించిండు" అన్నాడు నెమ్మదిగా.

"మిషన్ మంచిదే సార్. దాన్ని నేను ఎన్నడన్న చెడ్డదన్ననా? సాపు ఇనుము పెట్టి చూస్తే రాయి సంగతి ఎట్ల తెలుస్తది? రాయి పెట్టే చూడాలె. పొద్దుగాల్ల చేతితోటి కొట్టిన బండ ఒకటి పెట్టి, గుర్తు పెట్టి, తిప్పి చూడాలె. రెండు సార్లు ఒక్కటే లెక్కొస్తే బెల్టు తిప్పాలె. గంతే."

అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ తలూపుకు అర్థమేమిటో రుక్కమ్మకు తెలియలేదు. పెద్ద ఆశా పెట్టుకోలేదు.

అయిదోరోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. లోపలికి పోతే బల్ల మీద ఒక కాగితం ఉంది. కార్తీక్ రాతలో ఉంది. మిషన్ స్టాండు జరిగిన సంగతి తను చూసుకోలేదనీ, దానివల్ల మంచి బండలు వెనక్కి పోయాయనీ, రుక్కమ్మ కనిపెట్టి చెప్పిందనీ, పగిలిన బండ బాధ్యత తనదనీ రాసి సంతకం పెట్టాడు. కార్తీక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అతను ఆమెను సూటిగా చూశాడు.

జనార్దన్ కాగితం మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. తప్పయిందని ఆయన అనలేదు. అనే మనిషీ కాదు. "పో, పనికాడ నిలబడు" అన్నాడు.

"ఏ పనికాడ సార్?"

"ఏ పనేంది, మిషన్ కాడ."

"జంగప్పన్నకు ఎవరు చెప్తరు?"

ఆయన విసుగ్గా మేనల్లుడి వైపు చూశాడు. కార్తీక్ ఫోన్ తీశాడు.

జంగప్ప వెంటనే రాలేదు. మధ్యలో ఫ్యాక్టరీ వాళ్లు రాళ్లు వద్దనడంతో అతని మనుషుల్లో ఇద్దరు సేడం వైపు పనికి పోయారు. వాళ్లు ఇక తిరిగి రాలేదు. పది రోజులకు మిగిలిన నలుగురితో, ఒక కొత్తవాడితో కొట్టిన రాయి ట్రాక్టరు మీద వచ్చింది. మునుపటికన్నా తక్కువ బండలు. జంగప్ప కూడా వచ్చి బెల్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ పొద్దున్నే రుక్కమ్మ చేత్తో విడదీసిన బండ పెట్టి చూసుకుంది. గుర్తు మీద ఇరవై పాయింట్ ఒకటి. తిప్పితే ఇరవై పాయింట్ ఒకటి. బెల్టు తిప్పింది. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. పదో బండకు ఎర్ర దీపం వెలిగింది. పన్నెండోదానికీ, పదమూడోదానికీ కూడా.

రుక్కమ్మ బెల్టు ఆపి ఒక్కోదాని అంచు చేత్తో పట్టి చూసింది. రేకు పెట్టి చూసింది. మూడూ చిన్న గాట్లో కూడా దూరాయి. మూడింటి మీదా ఇంటు గీసింది.

జంగప్ప ముందుకొచ్చాడు. "ఏను తంగీ, నా మీదనే గీస్తున్నవా? నా కోసం గేటు బయట కూసున్నవని అందరు చెప్పిరి."

"నీ కోసమని ఎవరన్నరు? మంచి రాయికి ఇంటు పెట్టనని కూసున్న. గివి పలచగున్నయి అన్నా. చెయ్యి పెట్టి చూడు."

అతను చూశాడు. అలవాటైన చేయి, అంచు పట్టుకోగానే ఒప్పుకుంది. పెదవులు బిగించాడు. మూడు బండలనూ ఒక్కొక్కటిగా తనే ఎత్తి ట్రాక్టరులో వేసుకున్నాడు. సాయం పట్టబోయిన హన్మమ్మను వద్దన్నాడు.

"ఇద్దరు పోయిన్రు గద" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "కొత్తోడిని పెట్టిన. వానికి పొర ఇంకా చిక్కలె. ఉలి లోపలికి పోనిస్తున్నడు."

"పొర చూపెట్టి నేర్పు. నేర్చుకుంటడు."

"ఆదివారం గనికాడికి రారాదు? నీ చెయ్యి పెట్టి చూపిస్తే వానికి జల్ది తెలుస్తది. నా మాట ఇనడు, నా లెక్కనే మొండి."

"ఆదివారం గొర్లకు సూదులేసేది ఉన్నది. పై ఆదివారం వస్త" అంది రుక్కమ్మ. బెల్టు తిప్పి, పద్నాలుగో బండ కోసం వంగింది.